సాక్షి డబ్బా

చిన్నపిల్లల బడి
జూలై 4

అన్నయ్యకు,

నమస్కారాలు. నేను క్షేమం, నువ్వూ వదినా క్షేమమని తలుస్తాను. మర్యాదలు ఇక్కడితో అయిపోయాయి కాబట్టి అసలు విషయానికి వస్తాను. నీ షెడ్డులో పనికిరాని సామాను ఏదైనా ఉంటే నాకు కావాలి. ఫోన్ చేస్తే నువ్వు "ఆఁ", "ఊఁ" తప్ప మూడో మాట మాట్లాడవు. అందుకే ఈ ఉత్తరం.

దర్జీ షాపు మూతపడ్డాక నేను టీచర్ పని నేర్చుకుంటానంటే నవ్వనివాడివి నువ్వొక్కడివే. నీకు ఏ నవ్వైనా ఆలస్యంగా వస్తుందని వదిన అంటుంది, అది వేరే సంగతి. పదకొండేళ్ళు చొక్కాలకి కాజాలు కుట్టినదాన్ని, నలభయ్యో ఏట నాలుగేళ్ళ పిల్లల ముందు నిలబడ్డాను. గదికి ఒక కిటికీ, ఒక నల్లబల్ల, ఇరవై బుల్లి కుర్చీలు, మూలన తెర, తెర వెనక చాపలు పెట్టుకునే పెద్ద బుట్ట. పిల్లలు కూడా సరిగ్గా ఇరవై మందే.

ఈ ఇరవై అన్న మాట గుర్తుపెట్టుకో. సెప్టెంబరు నాలుగో వారంలో సూపర్‌వైజర్ గారు చూడ్డానికి వస్తారట. పిల్లలు ఇరవైకి ఒక్కరు తగ్గినా, వాళ్ళకి వస్తువులు ఏరి ఇరవై దాకా లెక్కపెట్టడం రాకపోయినా, ఈ తరగతిని పక్క వీధి బడిలో కలిపేస్తారు. అక్కడ ఆల్రెడీ ఒక టీచర్ ఉంది. నేను మళ్ళీ కాజాల్లోకే. అన్నయ్యా, ఈ పని నాకు పోకూడదు. ఇన్నేళ్ళకి పొద్దున లేస్తూనే ఎక్కడికో వెళ్ళాలని అనిపిస్తోంది.

ప్రస్తుతం పరిస్థితి ఏమీ బాగాలేదు. నిన్న సీసా మూతలు కుప్ప పోసి, ఒకలాంటివన్నీ ఒకచోట పెట్టమన్నాను. రంగు చూస్తారనుకున్నాను. ఒకడు మంచి మూతలు, చెడ్డ మూతలు అని వేరు చేశాడు. ఎలా తెలిసిందిరా అంటే, "మొహం చూస్తే తెలియట్లేదా?" అని నన్నే అడిగాడు. ఏం చెప్పినా "ఎందుకు" అంటాడు కాబట్టి వాడికి నేను పెట్టుకున్న పేరు అదే. ఇంకో పిల్ల ఉంది. చేరి నెల దాటింది, "ఒకటి" అనగా కూడా నేను వినలేదు. ఆవిడకి మౌనమునిగారని పేరు పెట్టాను. మిగతావాళ్ళ అరుపులన్నీ ఒక ఎత్తు, ఆవిడ మౌనం ఒక ఎత్తు.

త్వరగా పంపు. బరువైనవైనా పరవాలేదు.

నీ చెల్లెలు

*

మూడో షెడ్డు, స్టోరు
జూలై 11

చెల్లాయికి ఆశీస్సులు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి నవ్వు రాలేదు.

పార్సెల్ విడిగా వస్తుంది. ఎరుపు, నీలం, పసుపు పైపు మూతలు నలభై, పెద్ద వాషర్లు ముప్ఫై, చెక్క బిళ్ళలు ముప్ఫై. అందగానే చూసుకో. అన్నీ ముక్కు కన్నా పెద్దవే ఏరాను. ఎవరి ముక్కు అని అడగకు. ఆరేళ్ళప్పుడు నువ్వు ముక్కులో గుండీ దూర్చుకుంటే నాన్న నిన్ను భుజాన వేసుకుని డాక్టర్ దగ్గరికి పరిగెత్తాడు, వెనకాల నీ చెప్పులు పట్టుకుని నేను పరిగెత్తాను. అలాంటిది పదకొండేళ్ళు గుండీల మధ్యే బతికావంటే అది నీ ధైర్యం.

ఇరవై ఆరేళ్ళుగా నట్టులూ బోల్టులూ లెక్కపెడుతున్నవాడిగా ఒక మాట చెబుతాను, పలక మీద రాసుకో. ఏరకుండా లెక్కపెట్టినవన్నీ కాకిలెక్కలే. ముందు ఏరాలి, తర్వాత పేర్చాలి, ఆ తర్వాతే నోరు తెరవాలి. నట్టుల్లో బోల్టులు కలిసిన కుప్పని ఎంత శ్రద్ధగా లెక్కపెట్టినా ఏం లాభం, అవి ఎన్ని నట్టులో ఎవడూ చెప్పలేడు. పిల్లలు నీ మాట వినడం లేదంటే నువ్వు నోటితో మొదలుపెట్టి ఉంటావు. చేతులతో మొదలుపెట్టు.

ఇంకొకటి. నీకు లెక్కలు నేర్పింది నేనే, మన పాత ఇంటి మెట్ల మీద. పదిహేను అయ్యాక ఎప్పుడూ పదిహేడే అనేదానివి. పదహారు నీకేం అపకారం చేసిందో ఇప్పటికీ తెలియదు. ఉన్నవి పద్దెనిమిది మెట్లు, నీ లెక్కకి పంతొమ్మిది వచ్చేవి. చెయ్యి పట్టుకుని ఒక్కో మెట్టూ చూపించినా "నాకు పంతొమ్మిదే" అని కూర్చునేదానివి. పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. ఆ జబ్బు తగ్గిందో లేదో చూసుకుని పిల్లల ముందుకి వెళ్ళు.

మీ వదిన నిన్ను అడిగానని రాయమంది. రాశాను.

అన్నయ్య

*

చిన్నపిల్లల బడి
జూలై 26

లెక్కల మాస్టారైన అన్నయ్యకు,

పార్సెల్ విప్పిన రోజు గదిలో పండగ. నువ్వు చెప్పినట్టే నోరు మూసుకుని చేతులతో మొదలుపెట్టాను. మూతలు మూడు రంగుల కింద ఏరడం వారంలో వచ్చేసింది. మధ్యలో ఒకమ్మాయి పెద్ద మూతకి ఒక చిన్న మూత చొప్పున జతపెట్టి, తల్లీ పిల్లలని విడదీయకూడదని ఏడ్చింది. ఆ రోజు విడదీయలేదు.

'ఎందుకు'కి వాషర్లిచ్చాను. అన్నీ ఒకటే రకం కదా, ఏం ఏరతాడో చూద్దామని. రెండు కుప్పలు చేశాడు. తను ఒంటికన్ను పెట్టి బొక్కలోంచి చూసినవి ఒకవైపు, ఇంకా చూడనివి ఒకవైపు. ఆలోచిస్తే తప్పు పట్టడానికి ఏమీ లేదు. సాయంత్రానికి ఒకే కుప్ప అయింది.

మౌనమునిగారు మాత్రం నూరింటినీ రంగు, సైజు, మందం చూసి పక్కపక్కన పేర్చేసి, చేతులు కట్టుకుని నా వైపు చూసింది. నువ్వొచ్చి పేర్చావా అనిపించింది. ఎన్ని ఉన్నాయమ్మా అంటే కిటికీ వైపు తిరిగింది.

ఇప్పుడు నా కష్టం విను. వీళ్ళకి పది దాకా నోటికి వచ్చింది. పది దగ్గర గోడ ఉన్నట్టు అక్కడినుంచి వెనక్కి తిరుగుతారు. ఇరవై మూతలు పోస్తే పది అని, మళ్ళీ ఒకటి నుంచి పది అని, ఇంతకీ ఒక పది అయిందా రెండు పదులయ్యాయా అంటే మొహమొహాలు చూసుకుంటారు. నువ్వు వేలకి వేలు లెక్కపెడతావు. మధ్యలో ఎవరో పిలుస్తారు, టీ వస్తుంది. ఎక్కడున్నావో ఎలా గుర్తుంటుంది? ఆ కిటుకేదో చెప్పు. ఇంకా రెండు నెలలే ఉంది.

పదహారు సంగతి పూర్తిగా తగ్గిపోయింది. మరీ కంగారులో ఉంటే తప్ప.

నీ చెల్లెలు

*

మూడో షెడ్డు, స్టోరు
ఆగస్టు 5

చెల్లాయికి ఆశీస్సులు.

ఇరవై ఆరేళ్ళలో ఈ ప్రశ్న నన్ను అడిగినదానివి నువ్వే. ఇంతకు ముందున్న మేనేజర్లు నలుగురూ నాకు జ్ఞాపకశక్తి ఎక్కువనుకున్నారు. లేదు, డబ్బా ఉంది.

కుప్ప ముందు కూర్చుంటాను. వంద లెక్కపెట్టగానే ఆ వందోదాన్ని తీసి రేకు డబ్బాలో వేస్తాను. టంగుమంటుంది. దాని పేరు సాక్షి. ఇంకో వంద, ఇంకో టంగు. ఎవరైనా పిలవనీ, టీ రానీ, ఆరునూరైనా డబ్బా మరిచిపోదు. చివర్లో మూత తీసి చూస్తే ఎన్ని సాక్షులుంటే అన్ని వందలు. నీ పిల్లలకి పదికొక సాక్షి చాలు. రెండు టంగులైతే ఇరవై.

దీనికి నియమాలున్నాయి. సాక్షి తనంతట తను నోరు విప్పకూడదు, అడిగితేనే చెప్పాలి. సాక్షిని ఎవరూ ముట్టుకోకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, లెక్క చూడ్డానికి ఎవరొచ్చినా ముందు సాక్షుల్నే అడగాలి.

నా డబ్బానే పంపుతున్నాను. మూతకి సొట్ట ఉంది, ఎంత కొట్టినా పోలేదు. నాకిక్కడ ఇంకోటి ఉంది. ఉత్తరం మీద చినుకులు పడి సిరా చెదిరింది, ఏమనుకోకు. లారీలు ఒకదాని వెనక ఒకటి వస్తూనే ఉన్నాయి, స్థిమితంగా రాయనివ్వడం లేదు.

అన్నయ్య

*

చిన్నపిల్లల బడి
ఆగస్టు 27

అన్నయ్యకు,

నీ సాక్షి ఈ ఊరిని ఏలుతున్నాడు.

ముందు మంచి సంగతి. టంగుమన్న చప్పుడు కోసమే పిల్లలు పది దాకా పోటీపడి వెళ్ళారు. మూడు రోజుల్లో ఇరవై వచ్చేసింది. రెండు సాక్షులు, రెండు పదులు, ఇరవై. 

ఇక మిగతాది. బిస్కట్లు పంచితే పదో బిస్కట్టు డబ్బాలోకి వెళ్ళింది. సాక్షిని తినకూడదని చీమలు పట్టేదాకా కాపలా కాశారు. ఆ తర్వాత గుమ్మం దగ్గర చెప్పులు లెక్కపెట్టారు. నలభై చెప్పులు, నాలుగు సాక్షులు. డబ్బాలో పట్టవని చాపల బుట్టలో వేశారట. నలుగురు పిల్లలు ఒంటి చెప్పుతో ఇంటికి వెళ్ళారు. మర్నాడు పొద్దున్నే నలుగురు తల్లులు వచ్చి నాకు పెట్టిన గడ్డి అంతా ఇంతా కాదు. 'ఎందుకు' వాళ్ళ నాన్న చొక్కాకి చేతులవీ జేబులవీ కలిపి పది గుండీలట. పదోది కత్తిరించి డబ్బాలో వేయడానికి తెచ్చాడు. నేను కుట్టి పంపాను. పాత విద్య ఎక్కడికీ పోలేదు.

ఇంతకీ లెక్క అయిపోయాక సాక్షిని ఏం చెయ్యాలో నువ్వు రాయలేదు. ఎప్పటికీ అలా పక్కనే ఉంచెయ్యాలా? పిల్లలు రోజూ అడుగుతున్నారు.

ఇప్పుడు నేనొకటి అడుగుతాను. మూడో షెడ్డుకి కప్పు ఉంది కదా, నీ ఉత్తరం మీద చినుకులు ఎలా పడ్డాయి? స్టోర్లో కూర్చున్నవాడికి లారీలతో పనేమిటి? నీ డబ్బా అడుగున మేకుతో గీసిన గీతలున్నాయి. నేనూ లెక్కపెట్టాను, ఇరవై ఆరు. ఏడాదికొకటి గీసుకున్నావన్నమాట. అలాంటి డబ్బా ఎవరి దగ్గరైనా రెండోది ఉంటుందా? వదినని ఫోన్లో అడిగితే మాట మార్చింది. వదినకి మాట మార్చడం రాదు, నీకు తెలుసు.

దాచకుండా రాయి.

నీ చెల్లెలు

*

గేటు పక్క గది
సెప్టెంబరు 19

చెల్లాయికి,

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, నీ ఉత్తరం చదవగానే నాకు కోపం వచ్చింది. రెండు జవాబులు రాసి చించేశాను. అందుకే ఇంత ఆలస్యం. పైన చిరునామా చూసే ఉంటావు.

మే నెలలో షెడ్డుకి ఒక యంత్రం తెచ్చారు. కాటా లాంటిది. పళ్ళెంలో బోల్టులు పోస్తే రెప్పపాటులో ఎన్ని ఉన్నాయో అంకె వెలుగుతుంది. అదే కుప్పని నేను పక్కన కూర్చుని లెక్కపెట్టాను, సరిపోయింది. ఒక్క తప్పు దొరికితే బాగుండునని మూడుసార్లు లెక్కపెట్టాను, మూడుసార్లూ సరిపోయింది. కొత్త మేనేజర్ మంచివాడే. మీకు శ్రమ తగ్గిందండీ అన్నాడు. ఆ తగ్గిన శ్రమతో నన్ను తెచ్చి గేటు దగ్గర కూర్చోబెట్టారు. వచ్చే లారీలూ పోయే లారీలూ రాసుకోవాలి. లారీలు ఊపిరాడనివ్వడం లేదని రాశాను కదా, అది అబద్ధం. రోజుకి ఎనిమిది వస్తాయి. నాకు రెండు వేళ్ళు మిగిలిపోతాయి.

నువ్వు లెక్కలకి సాయం చెయ్యమని రాసేనాటికి నన్ను లెక్కల్లోంచి తీసేసి నెలన్నర అయింది. నీ దగ్గరైనా మూడో షెడ్డులోనే ఉందామనిపించింది. తప్పే. కానీ ఆ ఉత్తరాలు రాసిన రోజులే నాకు కొంచెం బాగున్నాయి.

ఇక నీ ప్రశ్న. లెక్క తేలగానే సాక్షిని మళ్ళీ కుప్పలో కలిపెయ్యాలి. లేకపోతే లెక్క సరిగ్గానే ఉంటుంది, కుప్పే తగ్గిపోతుంది. ఇరవై ఆరేళ్ళు రోజూ చేసిన పని, నీకు రాసేటప్పుడు ఆ ఒక్క ముక్క ఎలా మరిచిపోయానా అని రాత్రంతా ఆలోచించాను. నన్నూ పక్కకి తీసి డబ్బాలో వేశారు చెల్లాయీ. కలపడం మరిచిపోయారు.

ఏడుస్తూ కూర్చోకుండా ముందు పిల్లలకి ఈ సంగతి చెప్పు. సూపర్‌వైజర్ వచ్చేలోగా చెప్పు.

అన్నయ్య

*

చిన్నపిల్లల బడి
సెప్టెంబరు 23

అన్నయ్యకు,

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. నీ ఉత్తరం నిన్న సాయంత్రం అందింది. సూపర్‌వైజర్ గారు నిన్న పొద్దున వచ్చారు.

చెప్పిన వేళకన్నా అరగంట ముందే వచ్చారు. పొడుగ్గా, కళ్ళద్దాలు దారం కట్టి మెడలో వేసుకుని, చేతిలో రిజిస్టరుతో. నాకు కంగారు పట్టుకుంది. మీరు మిమ్మల్ని లెక్కచూసుకుని కూర్చోండర్రా అని పిల్లలతో చెప్పి, ఆవిడని తీసుకురావడానికి గుమ్మం దాకా పరిగెత్తాను. చేసిన తప్పల్లా అదే.

ఆవిడ లోపలికి వస్తూనే పెన్సిల్ చూపిస్తూ పిల్లల్ని లెక్కపెట్టారు. పద్దెనిమిది. రిజిస్టరులో ఇరవై ఉందే అన్నారు.  అందరూ వచ్చారండీ, నేనే చూశాను అని నేను కూడా లెక్కపెట్టాను. పంతొమ్మిది వచ్చింది. మళ్ళీ లెక్కపెట్టమన్నారు. మళ్ళీ పంతొమ్మిదే వచ్చింది. అన్నయ్యా, పదహారు.

ఆవిడ కళ్ళద్దాలు తీసి, "ఉన్నది పద్దెనిమిది. మీరు పంతొమ్మిదంటున్నారు. రాసింది ఇరవై. వీళ్ళకి లెక్కలు చెప్పేది మీరేనా?" అన్నారు.

అవునన్నాను, ఇంకేం అనను. ఆవిడ కుర్చీ లాక్కుని రాయడం మొదలుపెట్టారు. ఏం రాస్తున్నారో తలకిందులుగా కూడా నాకు తెలుస్తూనే ఉంది. నా పెట్టెలో సూదులు తుప్పుపట్టాయేమో చూసుకోవాలనుకున్నాను. నిజంగా అదే అనుకున్నాను.

అప్పుడు 'ఎందుకు' లేచాడు. సాక్షుల్ని అడక్కుండా ఎందుకు రాస్తున్నారని ఆవిడని నిలదీశాడు. ఆవిడని అలా అడిగినవాళ్ళు ఈ మధ్య ఎవరూ లేనట్టున్నారు, పెన్ను ఆపేశారు. సాక్షులెవరని అడిగారు. వాడు ఆవిడ చెయ్యి పట్టుకుని మూలకి తీసుకెళ్ళి తెర పక్కకి లాగాడు.

చాపల బుట్టలో ఇద్దరున్నారు. పదో పిల్లాడు హాయిగా నిద్రపోతున్నాడు. ఇరవయ్యోది మౌనమునిగారు, మోకాళ్ళు ముడుచుకుని, నూటికి నూరుపాళ్ళు నియమం ప్రకారం నోరు మూసుకుని కూర్చుంది. మనుషులు డబ్బాలో పట్టరు కదా.

సూపర్‌వైజర్ గారు వంగి, నీ పేరేంటమ్మా అన్నారు. ఉలుకూ పలుకూ లేదు. ఇక్కడ ఏం చేస్తున్నావన్నారు. అదీ లేదు. 'ఎందుకు' విసుక్కుని, అలా అడగకూడదు, ఎన్ని అని అడగాలన్నాడు. ఆవిడ ఒక్క క్షణం నా వైపు చూసి, తర్వాత చాలా మర్యాదగా, "ఎన్ని?" అన్నారు.

మౌనమునిగారు బుట్టలో లేచి నిలబడింది. పక్కనున్న నిద్రమొహాన్ని చూసింది, తనని చూసుకుంది.

"రెండు పదులు," అంది. తర్వాత, "ఇరవై," అంది.

నాలుగు నెలల్లో అదే మొదటి మాట. గొంతు కొంచెం బొంగురని నిన్ననే తెలిసింది. నేను ఏడ్చాను, దాచడమెందుకు.

సూపర్‌వైజర్ గారు రాసిన కాగితం చింపి కొత్తది రాశారు. పిల్లలు ఏరడం, లెక్కపెట్టడం, సాక్షుల్ని పిలవడం బాగా వచ్చునని రాశారు. టీచర్ ఇంకా నేర్చుకోవాలని కూడా రాశారు, న్యాయమే. తరగతి ఉంటుంది. నేనూ ఉంటాను. వెళ్ళేముందు ఎవరూ చూడటం లేదనుకుని ఒక వాషర్ కంటికి పెట్టుకుని బొక్కలోంచి గదంతా చూశారు. 'ఎందుకు' ఆ వాషర్‌ని తీసుకెళ్ళి చూసినవాటి కుప్పలో వేశాడు.

సాయంత్రం నీ ఉత్తరం చదివాను. ఏడవద్దన్నావు కాబట్టి ఏడవలేదు, నిన్న పొద్దుటిదే మిగిలిపోయి కాస్త వచ్చింది. నువ్వు మూడో షెడ్డులో ఉంటేనే నాకు అన్నయ్యవా? మెట్ల మీద నా చెయ్యి పట్టుకున్నప్పుడు నీకు ఏ షెడ్డు ఉంది?

ఈ రోజు పిల్లలకి అసలు నియమం చెప్పాను. సాక్షిని మళ్ళీ కలిపెయ్యాలని. ఒక సాక్షిని మే నెలలో పక్కకి తీశారనీ ఇంతవరకూ ఎవరూ కలపలేదనీ కూడా చెప్పాను.  ఇన్నాళ్ళూ చీమలు పట్టకుండా ఉన్నాడా అని ఒకరు అడిగారు. మౌనమునిగారు లేచి పక్క గదిలోకి వెళ్ళి, పెద్దవాళ్ళు కూర్చునే కుర్చీని ఈడ్చుకుంటూ తెచ్చి ఇరవై బుల్లి కుర్చీల చివర పెట్టింది.  ఆవిడ మాటల కోటా నిన్ననే అయిపోయింది.

శనివారం నీకు సెలవు, మాకు బడి ఉంది. ఇరవై తర్వాత ఏం వస్తుందో వీళ్ళకింకా తెలియదు. నువ్వొచ్చి ఆ కుర్చీలో కూర్చుంటే గాని నేను నేర్పలేను.

నీ చెల్లెలు

*

గేటు పక్క గది
సెప్టెంబరు 27

చెల్లాయికి ఆశీస్సులు.

నీ ఉత్తరం ఇంటికి తీసుకెళ్ళి చదివాను. ఈసారి నవ్వు మొదటిసారే వచ్చింది. ఎంత గట్టిగా వచ్చిందంటే ఏమైందోనని మీ వదిన వంటింట్లోంచి గరిటెతో పరిగెత్తుకొచ్చింది. ఆవిడకి కూడా చదివి వినిపించాను. బుట్ట దగ్గరికి వచ్చేసరికి ఉత్తరం లాక్కుని మిగతాది ఆవిడే చదువుకుంది.

శనివారం మొదటి బస్సుకి బయల్దేరుతున్నాను. వాషర్లు ఇంకో ఇరవై తెస్తున్నాను, మీ సూపర్‌వైజర్ గారు మళ్ళీ వస్తే చూసుకోవడానికి. మౌనమునిగారికి నా నమస్కారాలు చెప్పు. డబ్బా మీద ఇరవై ఏడో గీత ఆవిడనే గీయమను.

ఒక్కటే షరతు. నేను కుర్చీలో కూర్చున్నాక లెక్క పిల్లలే పెట్టాలి. కంగారులో నువ్వు పెట్టావంటే నేను ఇరవై రెండవుతాను. పట్టిన కుందేటికి మూడే కాళ్ళనుకో, నాకు ఇరవై ఒకటే కావాలి.

అన్నయ్య